తొలి హోమ్‌స్టెడర్ ఒక డాక్టర్: డేనియల్ ఫ్రీమన్ 160 ఎకరాల లెక్క

సంక్షిప్తంగా: కాపురముండి సాగు చేసేవారికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి ఇచ్చేందుకు 1862లో అమెరికా తెచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద తొలి దరఖాస్తుదారుగా పేరుపడిన డేనియల్ ఫ్రీమన్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆ రోజుల్లో వైద్యం ఒక్కదానితో ఇల్లు గడవడం కష్టం. అందుకే డాక్టర్లు కూడా పొలం వైపు చూశారు. భూమి ధర నామమాత్రమే అయినా, పట్టా చేతికి రావాలంటే ఐదేళ్ల కాపురం, సాగు, సాక్షులు కావాలి. ఆ నేల అంతకు కొద్దికాలం ముందు వరకు ఒటో-మిజూరియా అనే ఆదివాసీ ప్రజలది. చట్టం, వైద్యవృత్తి, ఆ నేల చరిత్ర కలిపి చూస్తేనే ఫ్రీమన్ జీవితం అర్థమవుతుంది.

అమెరికా పశ్చిమ మైదానాలకు వలస వెళ్లిన తొలితరం గురించి రెండు రకాల మాటలు తరచూ వినిపిస్తాయి. ప్రభుత్వం ఎవరికి పడితే వారికి భూమి ఊరికే పంచిపెట్టిందన్నది ఒకటి. ఎవరి అండా లేకుండా, ఒంటిచేత్తో అడవిని పొలంగా మార్చిన సాహసవీరులన్నది రెండోది. మంచు తుపానులో గుర్రమెక్కి రోగుల ఇళ్లకు వెళ్లే డాక్టర్ బొమ్మ ఈ రెండో కథలో భాగమే. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ ఒక డాక్టర్ నాగలి ఎందుకు పట్టాడో రెండూ చెప్పవు. ఆ ప్రశ్నకు జవాబు వ్యక్తుల ధైర్యంలో కొంతే దొరుకుతుంది. మిగతాది అప్పటి చట్టాల్లో, మార్కెట్లో, వైద్యం ఉన్న స్థితిలో వెతకాలి.

చట్టం ఏం ఇచ్చింది, ఏం అడిగింది

హోమ్‌స్టెడ్ చట్టంపై అబ్రహాం లింకన్ 1862 మే 20న సంతకం చేశారు. 1863 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆలోచన మాత్రం పాతదే. దాదాపు ఇలాంటి బిల్లునే 1860లో అధ్యక్షుడు జేమ్స్ బుకానన్ వీటో చేశారు. దక్షిణాది రాష్ట్రాల ప్రతినిధులు దీన్ని గట్టిగా వ్యతిరేకించేవారు. పశ్చిమ భూములు 160 ఎకరాల చొప్పున చిన్న రైతుల చేతికి వెళితే, బానిసల శ్రమతో నడిచే పెద్ద తోటలకు అక్కడ చోటుండదు. ఆ భూభాగాలు రాష్ట్రాలుగా మారినప్పుడు బానిసత్వాన్ని ఒప్పుకోవు, పార్లమెంటులో ఉత్తరాది బలం పెరుగుతుంది. ఈ లెక్క దక్షిణాదికి బాగా తెలుసు. అంతర్యుద్ధం మొదలై ఆ ప్రతినిధులు సభలు వదిలి వెళ్లిపోయాకే బిల్లు గట్టెక్కింది. అదే ఏడాది జూలైలో పసిఫిక్ రైల్వే చట్టం, వ్యవసాయ కళాశాలలకు భూములిచ్చే మోరిల్ చట్టం కూడా వచ్చాయి. రైలు, చదువు, సాగు మూడింటినీ ప్రభుత్వ భూములతోనే నడిపించాలన్నది ఆ ఏడాది తీసుకున్న విధాన నిర్ణయం.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి, లేదా కుటుంబ పెద్ద అయి ఉండాలి. పౌరుడై ఉండాలి, లేదా పౌరసత్వం తీసుకుంటానని ప్రకటించి ఉండాలి. అమెరికా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆయుధం పట్టి ఉండకూడదు. పెళ్లికాని ఆడవాళ్లు, వితంతువులు సొంత పేరుతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాలానికి ఇది చిన్న విషయమేమీ కాదు. నల్లజాతి వారికి మాత్రం 1866 పౌరహక్కుల చట్టం, 1868 నాటి 14వ సవరణ వచ్చి పౌరసత్వం ఖాయమయ్యాకే ఈ దారి నిజంగా తెరుచుకుంది.

రుసుములన్నీ కలిపి దాదాపు 18 డాలర్లు. మొదట 12 డాలర్లు, పట్టా వచ్చేటప్పుడు మరో 6. ఊరికే ఇచ్చారన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. కానీ ఎడ్లు, నాగలి, విత్తనం, కంచె, బావి, ఇల్లు, తొలి పంట చేతికొచ్చే దాకా తిండి, వీటన్నిటికీ వందల డాలర్లు కావాలి. చేతిలో కొంత పొదుపో, మరో సంపాదనో లేనివాడు ఐదేళ్లు నిలబడటం కష్టం. ఆగలేనివారికి ఇంకో దారి ఉంది: ఆరు నెలలు కాపురముండి, ఎకరాకు 1.25 డాలర్ల చొప్పున కట్టి వెంటనే పట్టా తీసుకోవచ్చు. దళారులు ఈ వెసులుబాటును బాగానే వాడుకున్నారు.

అర్ధరాత్రి దరఖాస్తు

ఫ్రీమన్ 1826లో ఒహాయో రాష్ట్రంలో పుట్టారు, ఇల్లినాయ్‌లో పెరిగారు. సిన్సినాటీలో వైద్యం చదివి ఇల్లినాయ్‌లో ప్రాక్టీసు పెట్టారు. దరఖాస్తు నాటికి వయసు 36. అప్పటికి ఇంకా రాష్ట్రం కాని నెబ్రాస్కా టెరిటరీలో బియాట్రిస్ ఊరికి కొన్ని మైళ్ల పడమర, కబ్ క్రీక్ అనే వాగు పక్కన ఉన్న నేలపై ఆయన కన్ను పడింది. దాన్ని నమోదు చేయాల్సిన ల్యాండ్ ఆఫీసు మిజూరి నది ఒడ్డున బ్రౌన్‌విల్‌లో ఉంది.

ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, ఆయన అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యంలో పనిచేస్తూ సెలవుపై వచ్చారు. జనవరి 1న ఆఫీసుకు సెలవు, తెల్లారితే తిరుగు ప్రయాణం. కొత్త సంవత్సరం వేడుకలో ల్యాండ్ ఆఫీసు ఉద్యోగిని పట్టుకుని బతిమాలితే, ఆయన అర్ధరాత్రి దాటగానే తలుపు తీసి దరఖాస్తు రాసుకున్నారట. సైన్యంలో ఆయన చేసిన పని గురించి, ముఖ్యంగా ఆయన గూఢచారిగా పనిచేశారన్న మాట గురించి, కథ చెప్పినంత గట్టిగా రికార్డులు చెప్పవు. దరఖాస్తు నంబరు 1 అని మాత్రం కాగితం మీద స్పష్టంగా ఉంది.

అయితే ఆ నంబరు బ్రౌన్‌విల్ ఆఫీసుది. ఒక్కో ల్యాండ్ ఆఫీసు తన దరఖాస్తులకు విడిగా వరస సంఖ్యలు వేసుకునేది. అమెరికా జాతీయ పత్రాగారం లెక్క ప్రకారం, ఆ తొలిరోజే ఫ్రీమన్‌తో పాటు మరో 417 మంది దరఖాస్తు చేశారు. డకోటా టెరిటరీలోని వెర్మిలియన్ నుంచి కూడా అర్ధరాత్రి దాటిన వెంటనే చేశామన్న వాదన ఉంది. పైగా 1863లో దేశానికి ప్రామాణిక సమయం లేదు. రైలు కంపెనీలు టైమ్ జోన్లు పెట్టుకున్నది 1883లో. అంతవరకు ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. కాబట్టి నిమిషాల తేడాతో ఎవరు ముందో తేల్చడం కుదిరే పని కాదు. చట్టసభ 1936లో ఫ్రీమన్ పొలాన్ని జాతీయ స్మారక స్థలంగా గుర్తించడంతో, తొలి హోమ్‌స్టెడర్ అన్న పేరు ఆయనకు స్థిరపడింది. ఆ పేరును చరిత్ర సత్యంగా కంటే ప్రభుత్వం ఇచ్చిన గౌరవంగా తీసుకోవడమే సబబు.

పొలం ఆకారం చెప్పే సంగతి

ఫ్రీమన్ ఎంచుకున్న 160 ఎకరాలు చతురస్రంగా ఉండవు. మ్యాపులో చూస్తే తలకిందులైన టీ అక్షరంలా కనిపిస్తాయి. ఎందుకలా అన్నది తెలియాలంటే అక్కడి సర్వే పద్ధతి తెలియాలి.

1785 నాటి భూ శాసనం ప్రకారం ప్రభుత్వ భూములను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల టౌన్‌షిప్‌లుగా గీశారు. ఒక్కో టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు. ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే 160, ఆ 160ని మళ్లీ నాలుగు చేస్తే 40. కొండా వాగూ చూడకుండా కొలబద్దతో గీసిన గళ్లివి. సాధారణంగా ఒక కుటుంబం ఒక 160 ఎకరాల గడి మొత్తం తీసుకుంటుంది. నాలుగు 40 ఎకరాల ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వేరే ఆకారంలో తీసుకోవడానికీ వీలుంది.

ఫ్రీమన్ ఆ వీలును వాడుకున్నారు. 26వ సెక్షన్‌లో వాయవ్య భాగపు దక్షిణ సగం, అదే భాగంలో ఈశాన్యపు 40 ఎకరాలు, పక్కనున్న ఈశాన్య భాగంలో నైరుతి 40 ఎకరాలు ఏరుకున్నారు. ఆ ముక్కల గుండా కబ్ క్రీక్ పారుతుంది. చెట్లు లేని ఆ గడ్డి మైదానంలో వాగు ఒడ్డునే కలప దొరికేది. ముళ్ల తీగకు జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు 1874లో వచ్చింది. అంతకు ముందు కంచె వేయాలంటే కర్రే దిక్కు. ఇంటికి, పొయ్యికి కూడా అంతే. నీళ్లూ, కలపా రెండూ తన గట్టు లోపలే ఉండేలా పొలం గీసుకున్నవాడు, పక్కవాళ్ల కన్నా ముందే సగం గెలిచినట్టు.

ఐదేళ్ల తర్వాత, 1868 జనవరిలో ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు ఇచ్చిన రుజువు పత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది. మొత్తం కథలో అన్నిటికన్నా విలువైన కాగితం బహుశా అదే. 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న ఒక అంతస్తు ఇల్లు. కొంత దుంగలతో, కొంత పలకల చట్రంతో కట్టినది. రెండు తలుపులు, రెండు కిటికీలు, చెక్క పెంకుల కప్పు, పలకల నేల. ఉండటానికి సౌకర్యంగా ఉందని సాక్షులు రాశారు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. దున్ని, కంచె వేసి, సాగు చేసిన నేల దాదాపు 35 ఎకరాలు. ఒక గుర్రపుశాల, 100 అడుగుల పొడవున గొర్రెల కొట్టం, మొక్కజొన్న గాదె. నాటిన మొక్కల్లో ఆపిల్ 40, పీచ్ దాదాపు 400.

నలుగురు మనుషులు ఉన్న ఇల్లు 280 చదరపు అడుగులు. గొర్రెల కొట్టం దానికి అయిదింతల పొడవు. పెట్టుబడి ముందు ఆదాయం వచ్చే చోటికి వెళ్లిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఐదేళ్లలో 160 ఎకరాలకు 35 మాత్రమే సాగులోకి రావడం సోమరితనం వల్ల కాదు. వందల ఏళ్లుగా అల్లుకున్న గడ్డి వేళ్లతో ఆ నేల పైపొర చాపలా గట్టిపడి ఉంటుంది. దాన్ని చీల్చడానికి ఉక్కు నాగలి, బలమైన ఎడ్ల జతలు కావాలి, అయినా పని నెమ్మదిగానే సాగుతుంది. 400 పీచ్ మొక్కల విషయానికొస్తే, అవి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆరు నెలలుండి అమ్ముకుని పోయేవాడు పండ్లతోట వేయడు.

ఈ రుజువుతో ఆయనకు సర్టిఫికెట్ నంబరు 1 దక్కింది. 1869లో పట్టా వచ్చింది. ఆ తర్వాత చుట్టుపక్కల నేల కొని పొలాన్ని పెంచుకున్నారు.

వైద్యుడికి పొలం ఎందుకు

1860 జనగణనలో అమెరికాలో 50 వేలకు పైగా వైద్యులు నమోదయ్యారు. అప్పటి జనాభా 3 కోట్ల 14 లక్షలు. అంటే సుమారు 600 మందికి ఒకరు. ఇప్పటి చాలా దేశాలతో పోల్చినా ఇది తక్కువ కాదు. డాక్టర్ల కొరత ఉండి వాళ్లు మారుమూలలకు వెళ్లారనుకుంటే పొరపాటు. పాత ఊళ్లలో పోటీ ఎక్కువై చాలామంది పడమటికి కదిలారు.

ఇంతమంది ఎలా తయారయ్యారంటే, చదువు అంత తేలిక. చాలా వైద్య కళాశాలలు లాభం కోసం నడిచే ప్రైవేటు సంస్థలు. కొన్ని నెలల ఉపన్యాసాల కోర్సు, రెండో ఏడాది మళ్లీ అవే ఉపన్యాసాలు. మధ్యలో ఎవరైనా పెద్ద డాక్టర్ దగ్గర శిష్యరికం. రోగిని ముట్టకుండానే డిప్లొమా తీసుకోవడానికి వీలుండేది. అంతకు ముందు కొన్ని రాష్ట్రాల్లో ఉన్న లైసెన్సు నిబంధనల్ని 1830, 1840 దశకాల్లో దాదాపు అన్నిచోట్లా ఎత్తేశారు. నిపుణుల గుత్తాధిపత్యం సామాన్యుడికి చేటు అన్న రాజకీయ భావన అప్పట్లో బలంగా ఉండేది. ఫలితంగా వింత పరిస్థితి ఏర్పడింది. 160 ఎకరాల మీద హక్కుకు ఐదేళ్ల కాపురం, ఇద్దరు సాక్షుల ప్రమాణం అడిగిన వ్యవస్థ, మనిషి ప్రాణం మీద చెయ్యి వేసేవాడిని ఏ రుజువూ అడగలేదు.

ఫ్రీమన్ చదివినది ఎక్లెక్టిక్ పద్ధతి. అప్పటి ప్రధాన స్రవంతి వైద్యులు జ్వరమొస్తే రక్తం తీయడం, కాలోమెల్ అనే పాదరస మందును పెద్ద మోతాదుల్లో ఇవ్వడం మామూలే. పాదరసంతో చిగుళ్లు చీకి, పళ్లు ఊడిపోయేవి. ఎక్లెక్టిక్ వైద్యులు ఈ రెండింటినీ వ్యతిరేకించి, అమెరికాలో పెరిగే మూలికల మీద ఆధారపడ్డారు. వారి ముఖ్య కేంద్రం 1845లో సిన్సినాటీలో అధికారికంగా ఏర్పాటైన ఎక్లెక్టిక్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్. ఈ మూలికల్లో చాలావాటి ప్రయోజనానికి శాస్త్రీయ రుజువు లేదు. కానీ హాని చేసే చికిత్సను మానేయడమే ఆ కాలంలో రోగికి పెద్ద మేలు. యూనియన్ సైన్యం సర్జన్ జనరల్ విలియం హామండ్ 1863లో కాలోమెల్‌ను సైనిక మందుల జాబితా నుంచి తీసేస్తే వైద్యలోకం ఆయనపై తిరగబడింది. మరుసటి ఏడాది కోర్టు మార్షల్ అనే సైనిక విచారణలో ఆయన పదవి పోయింది. ఎక్లెక్టిక్ వైద్యులు చాలాకాలంగా చెబుతున్న మాటే ఆయనా చెప్పారన్నది గమనించాలి.

మూలికా వైద్యం పొలానికి దగ్గర కూడా. మందు వాగు గట్టునే దొరుకుతుంది. ఫ్రీమన్ పొలమున్న గేజ్ కౌంటీ పక్కనే ఉన్న పానీ కౌంటీలో, పానీ సిటీ అనే చిన్న ఊళ్లో హెచ్.సి.ఎఫ్. మేయర్ అనే మందుల వ్యాపారి ఎకినేషియా మొక్క వేరుతో రక్తశుద్ధి మందు తయారుచేసి అమ్మేవారు. పాము కాటుకు పనిచేస్తుందని ప్రచారం చేశారు. 1880 దశకంలో దాని నమూనాలను సిన్సినాటీలోని ఎక్లెక్టిక్ ప్రముఖులు జాన్ కింగ్, జాన్ యూరి లాయిడ్‌లకు పంపారు. 1887లో కింగ్ దాని గురించి రాశాక అది ఎక్లెక్టిక్ మందుల్లో ముందువరసకు వచ్చింది. నేడు జలుబుకని ఫార్మసీల్లో అమ్మే ఎకినేషియా మాత్రల ప్రయాణం అక్కడే మొదలైంది. మైదాన ప్రాంతపు ఆదివాసీ తెగలు ఆ వేరును అంతకు ఎంతో ముందు నుంచే వాడేవారు. ఆ ఘనత వాళ్ల ఖాతాలో పడలేదు.

ఇక ఆదాయం సంగతి. మైదానాల్లో ఇంటికీ ఇంటికీ మైళ్ల దూరం. రోజంతా గుర్రం మీద తిరిగినా చూసే రోగులు కొద్దిమందే. రైతుల చేతిలో నగదు అరుదు కాబట్టి ఫీజు ధాన్యంగానో, మాంసంగానో, తర్వాత చేసే కూలిపనిగానో వచ్చేది, కొన్నిసార్లు అసలు వచ్చేదే కాదు. పంట పోతే ఫీజు కూడా పోయినట్టే. 1874లో మిడతల దండు నెబ్రాస్కా, కాన్సస్ పొలాల మీద పడ్డప్పుడు రైతుతో పాటు డాక్టరూ దెబ్బతిన్నాడు. సొంత పొలం ఉంటే కనీసం తిండికి లోటుండదు, గుర్రానికి మేత కొనక్కర్లేదు, వయసు మీద పడ్డాక అమ్ముకోవడానికో పిల్లలకు ఇవ్వడానికో ఆస్తి మిగులుతుంది. ఫ్రీమన్ వైద్యంతో పాటు కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి), షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) వంటి పదవులు కూడా చేశారు. ఒకే మనిషి నాలుగు పనులు చేయడం ఆ ప్రాంతపు ఆర్థిక వ్యవస్థ స్వభావం.

ఇలాంటి డాక్టర్లు మరికొందరు

కాన్సస్‌లోని స్మిత్ కౌంటీలో 1871లో భూమి తీసుకున్న బ్రూస్టర్ హిగ్లీ కూడా వైద్యుడే. ఆయన రాసుకున్న ఒక కవిత పాటగా మారి 1947లో కాన్సస్ రాష్ట్ర గీతమైంది. కాన్సస్‌లోనే జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు ఓసేజ్ అనే ఆదివాసీ తెగ భూముల అంచున స్థిరపడి, తెల్లవారికి, ఆదివాసీలకు కూడా మలేరియా చికిత్స చేశారు. చలిజ్వరం ఆ వాగుల వెంట ఇంటింటా ఉండేది, క్వినైనే దిక్కు. పశ్చిమ నెబ్రాస్కాలో 1886లో భూమి తీసుకున్న జార్జియా ఆర్బకల్ ఫిక్స్ అయితే వైద్యురాలు. ఊళ్లో మగ డాక్టర్లతో పోటీపడి ప్రాక్టీసు నిలబెట్టుకోవడం ఆడవారికి కష్టమైన రోజులవి. డాక్టరే లేని చోట రోగికి ఎంచుకునే అవకాశం ఉండదు కాబట్టి, వివక్ష అక్కడ కొంత మెత్తబడేది.

ఆ నేల ఎవరిది

గేజ్ కౌంటీ ప్రాంతం ఒటో-మిజూరియా తెగల వేటభూమి. 1854 మార్చిలో కుదిరిన ఒప్పందంలో వాళ్లు నెబ్రాస్కాలోని భూభాగంలో చాలావరకు వదులుకుని, బిగ్ బ్లూ నది వెంట సుమారు 25 మైళ్ల పొడవు, 10 మైళ్ల వెడల్పున్న రిజర్వేషన్‌కు పరిమితమయ్యారు. ఫ్రీమన్ తీసుకున్న నేల ఆ వదులుకున్న భాగంలోనిది. ఒప్పందానికీ ఆయన దరఖాస్తుకూ మధ్య దూరం తొమ్మిదేళ్లు కూడా లేదు. ఆ మిగిలిన రిజర్వేషన్ కూడా నిలవలేదు. సెటిలర్ల ఒత్తిడి పెరిగి 1881 నాటికి ఆ ప్రజలను ఇండియన్ టెరిటరీకి, ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. హోమ్‌స్టెడ్ చట్టం నేరుగా వాళ్ల భూమి లాక్కోలేదు. ఒప్పందాలు, కొనుగోళ్లు, యుద్ధాల ద్వారా ప్రభుత్వ భూమిగా మారిన నేలనే పంచింది. కానీ పంచడానికి నేల కావాలన్న డిమాండు పెరిగేకొద్దీ తర్వాతి ఒప్పందం మీద ఒత్తిడి పెరిగింది. రెండు ప్రక్రియల్నీ విడదీసి చూడటం కుదరదు.

పట్టా నిబంధనల్లోని తేడా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆదివాసీలకు వ్యక్తిగత కమతాలు ఇచ్చిన 1887 నాటి డాస్ చట్టంలోనూ కుటుంబ పెద్దకు 160 ఎకరాలే. అంకె ఒకటే, హక్కు వేరు. హోమ్‌స్టెడర్‌కు ఐదేళ్లలో పూర్తి పట్టా వస్తుంది. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. ఆదివాసీ కమతం 25 ఏళ్ల పాటు ప్రభుత్వ ట్రస్టు కింద ఉంటుంది, అధికారి అనుమతి లేకుండా యజమాని ఏమీ చేయలేడు. పంచగా మిగిలిందన్న భూమిని బయటివారికి తెరిచారు. 1887లో 13 కోట్ల 80 లక్షల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలకు పడిపోయింది.

నెబ్రాస్కాలోనే ఒమాహా తెగలో పుట్టిన సుసాన్ లాఫ్లెష్ పికోట్ జీవితంలో ఈ రెండు దారులూ ఎదురుపడతాయి. ఆమె 1889లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి తరగతిలో ప్రథమురాలిగా వచ్చారు. అమెరికాలో వైద్య పట్టా పొందిన తొలి ఆదివాసీ మహిళ ఆమే. మన ఆనందీబాయి జోషి మూడేళ్ల ముందు, 1886లో పట్టా తీసుకున్నదీ అదే కళాశాలలో. రిజర్వేషన్‌లో వెయ్యి మందికి పైగా ప్రజలకు ఆమె ఒక్కరే డాక్టర్. భర్త పోయాక వారసత్వ భూమి కోసం, తన ప్రజల భూహక్కుల కోసం అధికారులతో ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 1910లో ట్రస్టు గడువు పొడిగింపుపై వాషింగ్టన్ దాకా వెళ్లారు. ఫ్రీమన్ కన్నా మెరుగైన చదువు చదివిన ఆ డాక్టర్‌కు, ఫ్రీమన్‌కు 1869లో దక్కిన స్వేచ్ఛ 40 ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా దక్కలేదు.

స్కూలు కేసు

ఫ్రీమన్ పేరు భూచట్టంలోనే కాదు, విద్యాచట్టంలోనూ ఉంది. 1872లో కట్టిన ఫ్రీమన్ స్కూలు ఆయన పొలానికి దగ్గరే. ఆ బడిలో టీచర్ రోజూ బైబిల్ చదివించి, ప్రార్థన చేయించి, భక్తిగీతాలు పాడిస్తున్నారని ఆయన అభ్యంతరం చెప్పారు. స్కూలు బోర్డు టీచర్ పక్షాన నిలిచింది. జిల్లా కోర్టులోనూ ఆయన ఓడిపోయారు. నెబ్రాస్కా సుప్రీంకోర్టు 1902లో ఫ్రీమన్ వర్సెస్ షీవ్ కేసులో ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. ప్రజాధనంతో నడిచే బడిలో ఒక మత పద్ధతిలో ఆరాధన చేయించడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. తర్వాతి ఏడాది వివరణలో, బైబిల్‌ను సాహిత్యంగా వాడటం నిషిద్ధం కాదని స్పష్టం చేసింది. బడుల్లో మత ఆరాధనగా బైబిల్ చదివించడంపై అమెరికా సుప్రీంకోర్టు దేశవ్యాప్త తీర్పు ఇచ్చింది 1963లో. అంటే 75 ఏళ్లు దాటిన ఒక రైతు డాక్టర్ ఆ వాదనను 60 ఏళ్ల ముందే గెలిచారు.

రెండు తలుపులూ ఎలా మూసుకున్నాయి

ఫ్రీమన్ 1908 డిసెంబరులో చనిపోయారు. ఆయన జీవితానికి దారి తీసిన రెండు తలుపులూ అప్పటికి మూసుకుంటున్నాయి.

వైద్యం వైపు, ఇల్లినాయ్ 1877లో గట్టి లైసెన్సు చట్టం తెచ్చింది. మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. వెస్ట్ వర్జీనియాలో కొన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఫ్రాంక్ డెంట్ అనే ఎక్లెక్టిక్ వైద్యుడి డిప్లొమాను రాష్ట్ర బోర్డు ఒప్పుకోలేదు. అది కూడా సిన్సినాటీలోని ఒక ఎక్లెక్టిక్ కాలేజీదే. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1889లో ఓడిపోయారు. వైద్యానికి అర్హతలు నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉందని ఆ తీర్పు తేల్చేసింది. ఈలోగా లిస్టర్ క్రిమిరహిత శస్త్రచికిత్స, కోక్ కనిపెట్టిన క్షయ, కలరా క్రిములు వైద్యానికి ప్రయోగశాలను తప్పనిసరి చేశాయి. 1910లో వైద్య కళాశాలల ప్రమాణాలపై అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక ప్రయోగశాలలు, ఆసుపత్రులు లేని కాలేజీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. రోగికి ఇది మేలే చేసింది. పేదవారు, ఆడవారు, నల్లజాతి వారు చదివే కాలేజీలు కూడా ఆ వరసలో చాలా పోయాయి. పల్లెల్లో డాక్టర్ దొరకడం కష్టమైంది. సిన్సినాటీ ఎక్లెక్టిక్ కాలేజీ అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచి 1939లో మూతపడింది.

భూమి వైపు సమస్య వాన. వందో రేఖాంశానికి పడమట వర్షం తక్కువ. అక్కడ 160 ఎకరాలతో కుటుంబం బతకలేదు. తూర్పు నెబ్రాస్కాలో ఫ్రీమన్‌కు సరిపోయిన అంకె 300 మైళ్లు పడమటికి వెళితే అప్పుల పాలు చేసేది. పార్లమెంటు ఆలస్యంగా దాన్ని గుర్తించి 1909లో పొడినేలల్లో 320 ఎకరాలకు, 1916లో పశువుల మేతకు 640 ఎకరాలకు పరిమితి పెంచింది.

మొత్తం మీద దాదాపు 40 లక్షల దరఖాస్తులు వస్తే 16 లక్షలే పట్టా దాకా చేరాయి. పంచిన భూమి 27 కోట్ల ఎకరాలు, దేశ విస్తీర్ణంలో పదో వంతు. రైలు కంపెనీలకు కేంద్రం ఇచ్చినది సుమారు 13 కోట్ల ఎకరాలు. పాత చరిత్రకారులు ఈ చట్టాన్ని మోసాల పుట్టగా చూశారు. రికార్డులు డిజిటైజ్ అయ్యాక నెబ్రాస్కా పట్టాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన పరిశోధకులు, అక్కడ మోసాలు అనుకున్నంత లేవని తేల్చారు. అయితే ఆరు నెలల కొనుగోలు దారి ఎక్కువగా వాడిన ప్రాంతాలకు ఈ మాట అంతే బలంగా వర్తిస్తుందని చెప్పలేం.

ప్రధాన భూభాగంలో చట్టం 1976లో రద్దయింది. అలాస్కాలో 1986 వరకు నడిచింది. చివరి పట్టా 1988లో అలాస్కాలోని స్టోనీ నది ఒడ్డున 80 ఎకరాలకు ఇచ్చారు.